కృష్ణానగరు జనులెట్లు చేరిరి?

1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించేనాటికి తెలుగు చలనచిత్రాలు ప్రధానంగా మదరాసులోనే తయారయ్యేవి. భాషకొక రాష్ట్రం వచ్చింది గాని, ఆ భాష పలికే బొమ్మకు మాత్రం పరరాష్ట్రమే గతి! పరిశ్రమను రప్పించుకోవడానికి కొత్త ప్రభుత్వం ఇక్కడ తీసిన చిత్రాలకు రాయితీలిచ్చింది, స్టూడియోలకు స్థలాలిచ్చింది. అమీర్‌పేటలో సారథీ స్టూడియో ముందే ఉంది. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలిసింది.

స్టూడియోల వెంట మనుషులు వచ్చారు. లైట్‌మెన్, మేకప్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు షూటింగులకు దగ్గరని కృష్ణానగర్ సందుల్లో గదులు అద్దెకు తీసుకొన్నారు. ప్రభుత్వం వారి లెక్కలో స్టూడియో ఫ్లోర్లున్నాయి. రోజుకూలి మనిషి తలదాచుకొనే చూరు లేదు. ఆ లోటు గ్రహించి కార్మికుల గృహవసతికై పాటుపడినవారు, వైద్యులూ నటులూ అయిన ఎం. ప్రభాకరరెడ్డిగారు. మణికొండ వైపున్న చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు. అయినా తెల్లవారుజామున పనికోసం ఎదురుచూసే గుంపు కృష్ణానగర్‌ను విడిచిపోలేదు.