కారుకు పసుపు హెడ్‌లైట్లు పెట్టించుకోవచ్చా? పొగమంచులో నిజంగా పనిచేస్తాయా?

చలికాలం మొదలవగానే కార్ యాక్సెసరీస్ షాపుల్లో పసుపు బల్బులు, హెడ్‌లైట్ గ్లాసుపై అంటించే పసుపు ఫిల్ములకు గిరాకీ పెరుగుతుంది. ‘మంచును చీల్చుకుని పోతుంది సార్’ అని షాపువాళ్లు చెబుతుంటారు. లంబసింగి, అరకు వైపు తెల్లవారుజామున వెళ్లేవారికి ఈ మాట బాగానే ఎక్కుతుంది. అయితే ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఇది చట్టబద్ధమేనా? పెట్టించుకుంటే ఉపయోగం ఉందా?

ముందుగా ఒక అపోహ. పాత మోడల్ కార్లలోని హాలోజెన్ లైటు కాస్త పసుపుగా కనిపిస్తుంది. ఎల్ఈడీ లైటు పక్కన పెట్టి చూస్తే మరీను. కానీ ప్రమాణాల లెక్కలో అది తెలుపే. కంపెనీ ఇచ్చిన హాలోజెన్ లైట్లతో ఎలాంటి ఇబ్బందీ లేదు. నిమ్మపండు రంగులో వెలిగే బల్బు, పసుపు ఫిల్ము, ఫాగ్ ల్యాంప్‌లలో కనిపించే ముదురు పసుపు... ఇవే అసలు విషయం.

చట్టం ఏం చెబుతోంది?

వాహనాల లైట్ల అమరికకు మన దేశంలో ఏఐఎస్-008 అనే ప్రమాణం ఉంది. దీని ప్రకారం హెడ్‌లైట్ తెల్లగా ఉండాలి. ముందువైపు ఫాగ్ ల్యాంప్ మాత్రం తెలుపైనా, పసుపైనా ఫర్వాలేదు. అంటే పసుపు లైటుపై పూర్తి నిషేధం లేదు. ఎక్కడ వెలుగుతోందన్నదే ముఖ్యం.

కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో మరో రెండు అంశాలు గమనించాలి. 105వ నిబంధన ప్రకారం రాత్రివేళ 155 మీటర్ల దూరంలోని మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించేలా లైట్లు ఉండాలి. 106వ నిబంధన ఎదుటివారి కళ్లు మిరుమిట్లు గొలపకుండా వెలుగు కిందికి వంగి ఉండాలంటుంది. ఫిల్ము అంటిస్తే లైటు నుంచి వచ్చే వెలుగు తగ్గుతుంది కాబట్టి మొదటి నిబంధనకు ఇబ్బంది. హాలోజెన్ కోసం తయారైన రిఫ్లెక్టర్‌లో చవక ఎల్ఈడీ బల్బు దూర్చితే వెలుగు చెదిరి పైకి పోతుంది. అప్పుడు రెండోది దెబ్బతింటుంది.

‘ఆర్‌సీలో లైటు రంగు రాసి ఉండదు కదా’ అని కొందరు వాదిస్తారు. రాసి ఉండదు, నిజమే. కానీ 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 182ఏ(4) సెక్షన్, నిబంధనలు అనుమతించని రీతిలో విడిభాగాలు మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. ప్రత్యేక శిక్ష లేని చిన్న ఉల్లంఘనలకు వర్తించే 177వ సెక్షన్ కింద మొదటిసారి రూ.500 వరకు, మళ్లీ చేస్తే రూ.1,500 వరకు జరిమానా ఉంటుంది. ఏ సెక్షన్ కింద చలానా రాస్తారన్నది చేసిన మార్పును బట్టి ఉంటుంది. షాపులో బహిరంగంగా అమ్ముతున్నారంటే రోడ్డు మీద వాడొచ్చని అర్థం కాదు. చలానా వచ్చేది అమ్మినవారికి కాదు, బండి యజమానికి.

మరి పొగమంచులో పనికొస్తుందా?

ఆకాశం నీలంగా ఉండటానికి కారణం గాలిలోని అతిసూక్ష్మ అణువులు నీలి కాంతిని ఎక్కువగా చెదరగొట్టడం. అదే సూత్రం మంచుకూ వర్తిస్తుందనుకుని ‘పసుపు దూసుకుపోతుంది’ అంటారు. కానీ పొగమంచులోని నీటి బిందువులు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. కాబట్టి ఆ వాదనలో పస లేదు.

అలాగని పసుపుతో ప్రయోజనమే లేదనలేం. నీలి కాంతి కళ్లను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. దాన్ని తీసేస్తే కంటికి కాస్త హాయిగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో 1930ల నుంచి 1993 వరకు పసుపు హెడ్‌లైట్లే తప్పనిసరి. ఐరోపా ఉమ్మడి నిబంధనలు వచ్చాక అక్కడా తెలుపుకు మారారు.

నిజానికి ఫాగ్ ల్యాంప్ పనిచేసేది రంగు వల్ల కాదు, అది ఉన్న చోటు వల్ల. బంపర్ కింద, నేలకు దగ్గరగా ఉండి, పైకి పోకుండా వెడల్పుగా వెలుగు పరుస్తుంది. దాంతో రోడ్డు అంచు, తెల్లగీత కనిపిస్తాయి. హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ కట్టినట్టవుతుంది. పసుపు బల్బు వేసినా హైబీమ్‌లో అదే పరిస్థితి. గోడ రంగు మారుతుందంతే.

మీ కారు మోడల్‌కు కంపెనీ ఫాగ్ ల్యాంప్ ఇస్తుంటే అధీకృత సర్వీస్ సెంటర్‌లో అదే పెట్టించుకోవడం మేలు. వైరింగ్ కోసి బయటి లైట్లు కలిపితే వారంటీకీ, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ చిక్కులు రావచ్చు.

ఇంకో మాట. కొన్నేళ్లు ఎండలో తిరిగిన కార్ల హెడ్‌లైట్ కవర్లు వాటంతట అవే పసుపెక్కుతాయి. అది పాలీకార్బొనేట్‌పై అల్ట్రావయొలెట్ కిరణాల ప్రభావం. దానివల్ల వెలుగు బాగా తగ్గిపోతుంది. కొత్త బల్బు కొనే ముందు ఆ కవర్‌ను పాలిష్ చేయించి చూడండి. చాలామందికి కావాల్సిన వెలుగు అక్కడే దొరుకుతుంది.