ప్రిన్సిపాల్‌గారి అమ్మాయి వేసిన వల

1904 సెప్టెంబరు 20న న్యూయార్క్‌లోని గార్డెన్ థియేటర్లో ఒక నాలుగంకాల హాస్య నాటకానికి తెర లేచింది. పేరు ‘ది కాలేజ్ విడో’. రాసింది జార్జ్ ఏడ్. విడో అన్నారు కదా అని కన్నీళ్ల కథ అనుకునేరు. కాలేజీ ఉన్న ఊళ్లోనే పుట్టి పెరిగి, ఒక్కో బ్యాచ్‌లో ఒక్కో కుర్రాడితో చెట్టాపట్టాలేసుకు తిరిగి, అతగాడు డిగ్రీ పుచ్చుకుని రైలెక్కేస్తే మళ్లీ ఒంటరిగా మిగిలే అమ్మాయిని అప్పటి అమెరికా విద్యార్థులు అలా ఆటపట్టించేవారు.

కథలో ఆ అమ్మాయి జేన్ విదర్‌స్పూన్, ఆట్‌వాటర్ కాలేజీ ప్రెసిడెంటు కూతురు. మన లెక్కలో ప్రిన్సిపాల్‌గారి అమ్మాయి. ఆట్‌వాటర్‌కు బింగ్‌హామ్ కాలేజీతో ఫుట్‌బాల్ పగ. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాణ్ని గుద్దుకుంటూ పరుగెత్తే అమెరికా ఆట. రైల్వే కోటీశ్వరుడు హైరమ్ బోల్టన్ కొడుకు బిల్లీ ఈ ఆటలో మొనగాడు. బింగ్‌హామ్‌లో చేరడానికి బయల్దేరి, దారిలో తండ్రితో కలిసి ఆట్‌వాటర్‌లో ఆగుతాడు. ఇంకేం, కుర్రాళ్లంతా జేన్ కాళ్లావేళ్లా పడతారు: ‘ఎలాగైనా వీణ్ని ఇక్కడే ఆపెయ్యి’ అని. జేన్ ఆపేస్తుంది. బిల్లీ ఆట్‌వాటర్ జెర్సీ వేసుకుంటాడు, తాను చేరాల్సిన బింగ్‌హామ్‌నే ఓడిస్తాడు. గెలిచాక తెలుస్తుంది తనను వలేసి పట్టారని. అప్పటికి జేన్ కూడా అదే వలలో చిక్కుకుని ఉంటుంది. శుభం.

ప్రేమకథ సంగతి అలా ఉంచితే, నన్ను కట్టిపడేసేవి చుట్టూ ఉన్న చిల్లర పాత్రలు. బోర్డింగ్ హౌస్‌లో భోజనం వడ్డిస్తూనే కుర్రాళ్ల గుట్లన్నీ పట్టేసే ఫ్లోరా విగిన్స్. పల్లెటూరి నుంచి బిత్తరచూపులతో దిగి, నాలుగు నెలలు తిరక్కుండా షోకిల్లారాయుడైపోయే బబ్ హిక్స్. అందరికంటే ముఖ్యంగా సైలెంట్ మర్ఫీ. పేరుకు చిత్రకళ విద్యార్థి. నిజానికి చదువుతో ఏ సంబంధమూ లేని బండ మనిషి. జట్టు మధ్యలో గోడలా నిలబడడానికే పట్టుకొచ్చారు.

మర్ఫీని చూసి హాలు ఘొల్లుమందంటే కారణముంది. అప్పట్లో ప్రతి కాలేజీలోనూ ఒక మర్ఫీ ఉన్నాడన్నది అందరికీ తెలిసిన గుట్టే. నాటకం వచ్చిన మరుసటి ఏడాది, 1905లో మెక్‌క్లూర్స్ పత్రిక ఈ బాగోతాన్ని అచ్చేసింది. అందులో యేల్ విశ్వవిద్యాలయం కెప్టెన్ జేమ్స్ హోగన్ వైభోగం చదివితే మర్ఫీ పాపం అమాయకుడనిపిస్తాడు. హోగన్‌కు ఫీజు లేదు, వసతికి మంచి గదులు, ఊళ్లో అమ్ముడయ్యే ఒక కంపెనీ సిగరెట్ల మీద కమీషన్, సీజన్ అయ్యాక క్యూబా షికారు!

డబ్బొక్కటే అయితే నవ్వి ఊరుకోవచ్చు. ప్రాణాలూ పోయేవి. 1905 సీజన్‌లో ఈ ఆటలో కనీసం 18 మంది చనిపోయారు. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడవలసి వచ్చింది. మరుసటి ఏడాది బంతిని ముందుకు విసరడానికి అనుమతిస్తూ నిబంధనలు మార్చారు, కాలేజీ ఆటలకు ఒక సంఘమూ పెట్టారు. ఇవాళ్టి ఎన్‌సీఏఏ అదే.

ఏడ్ ఈ ఆటకు బయటివాడు కాదు. ఇండియానా రాష్ట్రంలోని కెంట్‌లాండ్‌లో 1866లో పుట్టాడు, 1887లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో డిగ్రీ తీసుకున్నాడు. షికాగో రికార్డ్ పత్రికలో వీధి మనుషుల కబుర్లు రాసి, వాళ్ల యాసలోనే నీతికథలు అల్లి పేరు తెచ్చుకున్నాడు. యాసను పట్టేసే ఆ చెవే నాటకంలో పనికొచ్చింది. ఈ ప్రేమకథ రాసినాయన జన్మంతా బ్రహ్మచారి!

నాటకానికి పదకొండు నెలల ముందు, 1903 అక్టోబరు 31న, పర్డ్యూ జట్టును మ్యాచ్‌కు తీసుకెళ్తున్న ప్రత్యేక రైలు ఇండియానాపొలిస్‌లో బొగ్గు వ్యాగన్లను ఢీకొట్టింది. 17 మంది పోయారు, వాళ్లలో 14 మంది ఆటగాళ్లు. ఏడ్ చదివిన కాలేజీ జట్టే అది. ఆ నీడ నాటకం మీద ఎక్కడా పడలేదు. అది గుండె నిబ్బరమో, వ్యాపార దక్షతో చెప్పడం కష్టం కానీ, నవ్వించడానికి కూర్చున్నవాడు నవ్వించే లేచాడు. ఆటమీద మమకారం మాత్రం చావలేదు. 1922లో డేవిడ్ రాస్ అనే మరో పూర్వ విద్యార్థితో కలిసి పర్డ్యూ స్టేడియం కోసం 65 ఎకరాలు కొన్నాడు. 1924లో ప్రారంభమైన ఆ రాస్-ఏడ్ స్టేడియంలో ఇప్పటికీ మ్యాచ్‌లు జరుగుతున్నాయి.

న్యూయార్క్‌లో నాటకం 278 ప్రదర్శనలు ఆడింది. ఆ రోజుల్లో అది ఘనవిజయం. 1917లో జెరోమ్ కెర్న్ బాణీలు కట్టగా, గై బోల్టన్, పి.జి. ఉడ్‌హౌస్ కలిసి దీన్నే ‘లీవ్ ఇట్ టు జేన్’ అనే సంగీత నాటకంగా మలిచారు. జీవ్స్ అనే పాత్రను సృష్టించిన ఆ ఉడ్‌హౌసే. సినిమాగానూ పలుమార్లు వచ్చింది. 1932లో హాస్యనటులు మార్క్స్ సోదరులు ‘హార్స్ ఫెదర్స్’ సినిమాలో ఈ బాపతు కథలన్నిటినీ కలిపి ఉతికారేశారు. అందులో కాలేజీ ప్రెసిడెంటుగా వేసిన గ్రౌచో మార్క్స్ ఆటగాళ్లను కొనడానికి దొంగ సారా కొట్టుకు వెళ్తాడు. నా ఓటు దానికే. ఏడ్ మెత్తగా గిల్లి వదిలేసిన చోట వాళ్లు చెంప ఛెళ్లుమనిపించారు.

ఇక మర్ఫీలాంటి వాళ్ల సంగతి. డబ్బిచ్చి ఆటగాణ్ని తెచ్చుకోవడం మోసమని ఎన్‌సీఏఏ వందేళ్లకు పైగా వాదించింది. 2021 జులైలో ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని సంపాదించుకోవచ్చని ఒప్పుకొంది. 2025 జులై 1 నుంచి కాలేజీలే వాళ్లకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు.