ఆరోగ్యశ్రీ చరిత్ర: వైద్యం చేసే రాజ్యం, వైద్యం కొనే రాజ్యం

ప్రభుత్వం ప్రజలకు వైద్యం అందించడానికి రెండు మార్గాలున్నాయి. తానే ఆసుపత్రి కట్టి, వైద్యుణ్ణి నియమించి, మందిచ్చి చికిత్స చేయడం ఒకటి. ఇతరులు చేసే చికిత్సను ఖజానా డబ్బుతో కొనిపెట్టడం రెండవది. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక మొదటి మార్గాన్ని సూచించింది. డబ్బు చెల్లించలేని కారణంగా ఏ వ్యక్తికీ వైద్యం అందకుండా పోరాదన్నది దాని మూలసూత్రం. 1948లో బ్రిటన్ నెలకొల్పిన జాతీయ ఆరోగ్య సేవ కూడా ఈ భావజాలంలో నుంచి పుట్టినదే. ఆ తరువాత ఆరు దశాబ్దాలకు తెలుగునాట రెండవ మార్గమే రాజమార్గమైంది. ఈ మార్పు యాదృచ్ఛికం కాదు. దీనికి చారిత్రక కారణాలున్నాయి.

1980ల నుంచి వైద్యరంగంలోకి పెద్ద పెట్టుబడి ప్రవేశించింది. 1988లో హైదరాబాదు జూబ్లీహిల్సు మీద అపోలో ఆసుపత్రి వెలసింది. అటువంటివి మరికొన్ని దాని వెంట వచ్చాయి. కొత్త యంత్రాలూ నిపుణులూ అటు చేరుతుంటే, ప్రభుత్వాసుపత్రులు జనంతో కిక్కిరిసి, నిధులు చాలక నీరసించాయి. గుండెజబ్బో కాన్సరో వచ్చిన కూలివాడికి రెండే దారులు మిగిలాయి: ఉన్నది అమ్ముకోవడం, లేదా ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకోవడం. 2004, 2007 మధ్య ఆ నిధి నుంచి సహాయం పొందినవారు 55 వేలకు పైచిలుకు. పూర్వం ఆస్థానాలలో యాచకులు ప్రభువు దయకోసం నిలబడ్డట్టే, ప్రజాస్వామ్యంలో రోగులు నిలబడ్డారు.

ఈ స్థితిలోనే 2007 ఏప్రిల్ 1న వై. ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో రాజీవ్ ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. మూడూ కరువుకూ వలసలకూ పేరుపడ్డ జిల్లాలు కావడం గమనార్హం. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు. మొదట స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ ద్వారా నడిచిన ఈ పథకం 2008 నాటికి రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆ సంవత్సరం జూలైలో మరెన్నో చికిత్సలను చేర్చి, వాటిని కంపెనీతో ప్రమేయం లేకుండా ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా నిర్వహించింది. ట్రస్టు కార్యాలయం జూబ్లీహిల్సులోనే వెలసింది. కొండమీద సినిమాతారల మేడలు. కొండకింద కృష్ణానగర్ ఇరుకుగదులలో, పనిదొరికిన రోజు తిని దొరకని రోజు పస్తుండే చిత్రపరిశ్రమ కార్మికులు. రోగి ఏ ఊరివాడైనా, అతని ఆపరేషనుకు అనుమతి మాత్రం ఈ కొండమీద నుంచే రావలసి ఉండేది.

ఆ అనుమతి వ్యవస్థే ఈ పథకానికి గుండెకాయ. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కార్డు చూస్తాడు. పరీక్షల కాగితాలు కంప్యూటరు ద్వారా ట్రస్టుకు వెళ్తాయి. అక్కడి వైద్యులు సరేనంటేనే చికిత్స. ప్రతి చికిత్సకూ ముందే నిర్ణయించిన మొత్తం ధర, అందులోనే మందులు, భోజనం, దారిఖర్చు. అమెరికాలో దీన్ని మేనేజ్డ్ కేర్ అంటారు. 1973లో అక్కడ చేసిన చట్టంతో అది ఊపందుకున్నది. కాని ఒక భేదం ఉన్నది. అక్కడి సంస్థలు మనిషికింతని ముందే సొమ్ము తీసుకొని, చిన్న జ్వరం నుంచి పెద్ద ఆపరేషను దాకా బాధ్యత వహించాలన్నది మూలభావన. కనుక రోగం రాకుండా చూడడంలో, కనీసం సిద్ధాంతరీత్యా, వాటికి లాభమున్నది. ఇక్కడ ఆపరేషనుకింతని చెల్లింపు. మనవాళ్లు పగ్గాలు తెచ్చుకున్నారు గాని బండి తెచ్చుకోలేదు.

దాని ఫలితం త్వరలోనే కనిపించింది. అవసరం లేకపోయినా స్త్రీలకు గర్భసంచి తొలగిస్తున్నారన్న ఆందోళన రేగింది. చివరకు ప్రభుత్వమే ఆ ఆపరేషను విషయంలో ప్రైవేటు ఆసుపత్రులను కట్టడి చేయవలసి వచ్చింది. క్షయ, మలేరియా వంటి పేదల నిత్యరోగాలు జాతీయ కార్యక్రమాలున్నాయనే పేరుతో మొదట్లో జాబితాకు బయటే ఉండిపోయాయి. జాబితాలో చేరిన రోగానికి ధర వచ్చింది; చేరని రోగం పాత ఆసుపత్రి వరండాలోనే పడి ఉన్నది. ఈ నమూనా ప్రైవేటు రంగానికే మేలు చేస్తున్నదని 2011లోనే రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, శ్రీవత్సన్ విమర్శించారు.

అయితే ఆరోగ్యశ్రీ వట్టి మోసమని కొట్టిపారేయడం శాస్త్రీయ విమర్శ కాదు. కూలివాడి బిడ్డ గుండెకు శస్త్రచికిత్స జరగడం చిన్న విషయం కాదు. అర్జీ స్థానంలో కార్డు, దయ స్థానంలో హక్కు వచ్చాయి. ప్రజలు దీన్ని తమదిగా భావించారు. అందుకే ఏ ప్రభుత్వమూ దీన్ని రద్దు చేయడానికి సాహసించలేదు.

రద్దు చేయలేనివారు పేరు మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2014 తరువాత ఎన్టీఆర్ పేరు, 2019లో వైఎస్సార్ పేరు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు. కావ్యం ఒకటే, కృతిభర్తలే మారుతున్నారు! సంఖ్యలు కూడా పెరిగాయి. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. కాని 2025లో బకాయిలు చెల్లించలేదని ప్రైవేటు ఆసుపత్రులు రెండు రాష్ట్రాలలోనూ సేవలు నిలిపివేశాయి. కార్డుమీద లక్షలున్నా, ఆసుపత్రి గుమ్మం దగ్గర రోగి నిలిచిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రెండున్నర లక్షల వరకు భారాన్ని బీమా కంపెనీలకు, ఆపైది ట్రస్టుకు అప్పగించే విధానాన్ని ఆమోదించింది. 2007లో బయలుదేరిన చోటికే చరిత్ర సగం తిరిగి వచ్చింది.

ఇందులో మనం గ్రహించవలసిన సత్యం ఒక్కటే. కొనేవాడికి సొంత ఆసుపత్రి ఉన్నప్పుడే బేరమాడే శక్తి ఉంటుంది. లేనప్పుడు అమ్మేవాడు తలుపు మూస్తే, కొనేవాడి హక్కు కాగితంగా మిగులుతుంది. ఆరోగ్యశ్రీ సొమ్ము ప్రభుత్వాసుపత్రులకు కూడా అందే ఏర్పాటు పథకంలోనే ఉన్నది. ఆ పాయ పెద్దదై, ఉస్మానియాకూ గాంధీకీ జిల్లా ఆసుపత్రులకూ యంత్రాలుగా, నర్సులుగా, మందులుగా చేరాలి. పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరానికి మందు దొరకాలి. పరిమితి ఎన్ని లక్షలని పాలకులను అడగడంతో తృప్తిపడక, మా ఊరి ఆసుపత్రిలో వైద్యుడున్నాడా అని అడగడం విద్యార్థులు, ఉపాధ్యాయులు ప్రజలకు నేర్పవలసిన ప్రశ్న.