మేఘములు లేని ఆకాశము

ఫొటోగ్రఫీ సంఘములు మన దేశమునకు వచ్చుటకు ఎంతో కాలము పట్టలేదు. లండనులో 1853లో ఒక సంఘమేర్పడగా, 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తాలోను, వెనువెంటనే మద్రాసులోను అట్టి సంఘములు వెలసినవి. సైనికోద్యోగులు, వైద్యులు, ఇంజనీర్లు తీరిక వేళల తీసిన కొండల, కోవెలల చిత్రములను అచ్చట ప్రదర్శించి, గుణదోషములు చర్చించుకొనెడివారు.

ఆ తరమువారిలో లిన్నేయస్ ట్రైప్ అను సైనికాధికారి కథ మాకు విశేషముగా తోచినది. ఆయన 1854 డిసెంబరులో బేలూరు, హళేబీడు ఆలయములను ఫొటోలు తీసి, 1855లో మద్రాసు ప్రదర్శనములో ఉంచి మెప్పు పొందెను.

ఆనాటి కాగితపు నెగెటివు నీలికాంతికి త్వరగా లోబడును. నేలమీది వస్తువులు చక్కగా పడునంతసేపు ఉంచినచో, ఆకాశము సున్నము కొట్టిన గోడవలె వచ్చెడిది. ట్రైప్ నెగెటివుపై రంగు పూసి మేఘములను తానే కల్పించెను. ఇది సత్యమా? అసత్యమా? కన్ను చూచినదానిని యంత్రము చూడలేనప్పుడు చేయి సాయపడుట దోషము కాదనియు, ఆ సంగతి దాచుటయే దోషమనియు మేము తలంతుము.

1858లో ఆయనయే తంజావూరు బృహదీశ్వరాలయ శాసనమును 21 ఫొటోలుగా తీసి, ఒకే పటముగా జోడించెను. అందు కల్పనకు తావు లేదు. అక్షరము అక్షరముగనే నిలువవలెను. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెలియన్, ఖర్చు హెచ్చని ఆ పనిని ఆపించెను. అయినను చిత్రములు మిగిలినవి.

మీ యింట ఊరి చెరువు ఫొటో ఉన్నచో, దాని వెనుక స్థలము, తేదీ వ్రాసి ఉంచుడు. రేపటి చరిత్రకు అదియే శాసనము.