సదస్సుల్లో అంబుడ్స్‌మన్: పుట్టుపూర్వోత్తరాలు

వృత్తినిపుణుల సదస్సుకు వచ్చినవారికి అక్కడ అవమానమో వేధింపో ఎదురైతే, ఏ పక్షమూ వహించకుండా ఆ గోడు విని, విన్నది గోప్యంగా ఉంచి, ముందున్న మార్గాలను వివరించే వ్యక్తిని అంబుడ్స్‌మన్ అంటారు. ఈ పదవి పుట్టినప్పుడు ఇంత సౌమ్యమైనది కాదు. స్వీడన్ రాజు 12వ చార్లెస్ ఆటోమన్ సామ్రాజ్యంలో తలదాచుకున్న కాలంలో, స్వదేశంలోని అధికారులపై నిఘా ఉంచడానికి 1713లో దీనిని నెలకొల్పగా, 1809 నాటి రాజ్యాంగం ఆ నియామకాధికారాన్ని పార్లమెంటుకు కూడా ఇచ్చింది. తప్పుచేసిన అధికారిని న్యాయస్థానానికి ఈడ్చే అధికారం ఆ పదవికి ఉండేది. 1955లో డెన్మార్క్, 1962లో న్యూజిలాండ్ ఈ పద్ధతిని చేపట్టాయి. భారతదేశంలో పరిపాలనా సంస్కరణల సంఘం 1966లో లోక్‌పాల్, లోకాయుక్తలను సిఫారసు చేయగా, ఆంధ్రప్రదేశ్ 1983లో లోకాయుక్త చట్టాన్ని చేసుకుంది.

సదస్సుల అంబుడ్స్‌మన్ మాత్రం వేరొక శాఖకు చెందినది. 1960లలో ఉత్తర అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొలకెత్తిన ఈ శాఖలో దర్యాప్తు లేదు, తీర్పు లేదు. స్వతంత్రత, నిష్పాక్షికత, గోప్యత, లాంఛనాలు లేకపోవడం అనే నాలుగు సూత్రాలే దానికి ఆధారం. అమెరికాలోని విద్వత్సంఘాలు కొన్ని 2010ల చివర దీనిని తమ వార్షిక సమావేశాలకు తెచ్చుకున్నాయి.

ఇక మన వైపు చూస్తే, గోదావరి సీమలో సభల నిర్వహణకు పాత చరిత్రే ఉంది. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద వాలంటీరుగా నిలిచిన రాజమహేంద్రవరం బాలిక దుర్గాబాయి, టిక్కెట్టు లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూనే ఆపి, టిక్కెట్టు కొన్న తరువాతే లోనికి పంపింది. పెద్దాచిన్నా తేడా చూపని ఆ గుణమే అంబుడ్స్‌మన్‌కూ ప్రాణం. అయితే వాలంటీరు నిర్వాహకుల ఆజ్ఞను అమలుచేస్తుంది, అంబుడ్స్‌మన్ ఆ నిర్వాహకుల చేతికింద ఉండరాదు.

పని ప్రదేశంలో స్త్రీలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం, ఉద్యోగరీత్యా వెళ్లిన చోటునూ పని ప్రదేశంగానే లెక్కిస్తుంది కనుక, ఉద్యోగిని పని మీద వెళ్లిన సదస్సుకూ దాని రక్షణ వర్తిస్తుంది. కానీ ఆ చట్టం కింద లిఖితపూర్వక ఫిర్యాదు కావాలి. యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి సంస్థలు నియమించవలసిన అంబుడ్స్‌పర్సన్ కూడా విద్యార్థుల అప్పీళ్లను విచారించే అధికారియే. కాకినాడలో ఒక వైద్య సదస్సుకు పోస్టరుతో వచ్చిన పీజీ విద్యార్థినిని నొప్పించిన పెద్ద డాక్టరే రేపు ఆమెకు పరీక్షాధికారి కావచ్చు. ఫిర్యాదు రాస్తే ఏమవుతుందో, రాయకపోతే ఏమవుతుందో తేల్చుకోవడానికి ఆమెకు ముందుగా ఒక మనిషి కావాలి. పేరుమోసిన కమిటీలెన్ని ఉన్నా ఈ లోటు తీరదు.

అందుకే ఆ మనిషి కూర్చునే గది రిజిస్ట్రేషన్ బల్లకు దూరంగా, వచ్చిపోయేవారి కంటపడని చోట ఉండాలి. మాట్లాడిన వ్యక్తి అనుమతి లేనిదే అంబుడ్స్‌మన్ ఎవరినీ కదిలించరు. ఒకరి ప్రాణానికో శరీరానికో తక్షణ ముప్పు కనిపించినప్పుడు మాత్రమే గోప్యత సడలుతుంది. రాసుకున్న కాగితాలను పని ముగిశాక చించివేస్తారు. నిర్వాహకులకు చేరేది, ఎటువంటి ఇబ్బందులు మళ్లీ మళ్లీ వినవచ్చాయో తెలిపే, పేర్లు లేని నివేదిక మాత్రమే.