తాటిపూడి జలాశయంలో శీతకాలపు చేపల వేట

విజయనగరం జిల్లా గంట్యాడ మండలంలో, గోస్తనీ నదిపై 1963–68 మధ్య నిర్మించిన తాటిపూడి జలాశయంలో చలికాలంలో మంచినీటి చేపల వేట సాగుతుంది. జలాశయ నిర్మాణ లక్ష్యం 15,378 ఎకరాలకు సాగునీరు, విశాఖపట్నానికి తాగునీరు. చేపలు అదనపు ఫలం మాత్రమే. బొచ్చె, రోహు, మ్రిగాల నిలకడ నీటిలో సాధారణంగా గుడ్లు పెట్టవు. అందుకే ఇలాంటి జలాశయాల్లో చేపపిల్లలను వదిలి పెంచుతారు.

నీరు చల్లబడితే ఈ చేపల జీవక్రియ మందగించి మేత, కదలిక తగ్గుతాయి. చేప కదిలితేనే పనిచేసే నిలువు వలకు ఇది ప్రతికూలం. వల పైఅంచుకు బెండ్లు, కిందిఅంచుకు బరువులు కట్టి సాయంత్రం దించి, తెల్లవారుజామున తీస్తారు. కంతలో తల దూర్చిన చేప వెనక్కి జరగబోయి మొప్పల దగ్గర దారానికి చిక్కుతుంది. కంత చిన్నదైతే ఎదగని పిల్లలూ పడతాయి. చలికాలంలో పట్టిన చేప త్వరగా మెత్తబడదు.