ఆశ్రయపు తలుపులు



మన ఆలయములను ఎవరు కట్టించిరో, ఎప్పుడు ప్రతిష్ఠించిరో ఈ శతాబ్ది సంచికలో చదువుచున్నారు. ఆపత్కాలమందు నిరాశ్రయులకు తలుపులు తెరచిన చరిత్రను కొంత మీకు జ్ఞాపకము చేయుట నా ఉద్దేశము.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచినది. పరీవాహక ప్రాంతములోని 788 చెరువులలో 221 తెగిపోయెను. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆనాటి మొదటి ఆశ్రయము ఒక చెట్టే! ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తన భవనముల ద్వారములను నిరాశ్రయులకు తెరిపించెను. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

అయితే ఆ జలాశయములు నగరమునకు పడమట నున్నవి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీద కురిసిన వానను అవి ఆపజాలవు. ఆ నీరు సరూర్‌నగర్ చెరువు మీదుగా మూసీలోనికి పోవలెను. దారిలో ఇండ్లు లేచినప్పుడు నీరు ఇండ్లలోనికే వచ్చును.

2020 అక్టోబరు 13న అదే జరిగినది. నగరములో ఒక్క దినమున 19 సెంటీమీటర్లకు మించి, హయత్‌నగర్ వైపు 30 సెంటీమీటర్లకు చేరువగా వాన కురిసినది. సరూర్‌నగర్ చెరువు దిగువనున్న కోదండరాంనగర్ మొదలగు కాలనీలు మునిగిపోయినవి. పైగా అది కరోనా కాలము. పదిమందిని ఒక గదిలో ఉంచుటయే భయము.

ఆ రాత్రి ఒక కుటుంబము తడిసిన బట్టలతో మా హాలు ముందు నిలిచినది. తాళపుచెవి నా యొద్దనే ఉన్నది. నేనో, నీటికి ఆవల చిక్కుకొంటిని. వారు మెట్లమీదనే తెల్లవార్చిరి. ఆ తప్పు మరెవరిదియు కాదు, నాదే.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా నశించిరి. అటుతరువాత తీరగ్రామములలో ఎత్తయిన తుఫాను ఆశ్రయభవనములు లేచినవి. 1990 మే తుఫానుకు ముందుగానే ఆరు లక్షలమందికి పైగా జనులను తరలించిరి. మృతుల సంఖ్య వేయికి లోపుగా నిలిచినది. భవనము ఒక్కటే వారిని కాపాడలేదు. ముందుగా అందిన హెచ్చరిక, ఎచ్చటికి పోవలెనో ముందే తెలిసియుండుట, ఇవి కాపాడినవి.

కావున ప్రతి సంఘమును ఇప్పుడే ఆలోచింపవలెను. మన హాలు నీరు చేరని ఎత్తున ఉన్నదా? తాళపుచెవులు ఆ వీధిలోనే ఇద్దరి యొద్ద ఉన్నవా? త్రాగునీరు, దీపము, స్త్రీలకు వేరుగా మరుగుదొడ్డి ఉన్నవా? మంచము దిగలేని వృద్ధులెవరో వ్రాసియుంచితిమా? దొంగల భయముచేత ఇల్లు విడువని వారున్నారు గనుక వీధి కావలికి యువకులు సిద్ధమా? వచ్చినవారి కులమును మతమును అడుగకుండుట అన్నిటికంటె ముఖ్యము.

పూర్వము ఇశ్రాయేలీయులు ఆశ్రయపురములను ఏర్పరచుకొనినప్పుడు, వాటికి పోవు దారులను కూడ సిద్ధపరచుమని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించినది. దారి లేని ఆశ్రయము ఆశ్రయము కాదు. మన రెండవ శతాబ్దములో ఎవరును మన మెట్లమీద తెల్లవార్చకుందురు గాక.